మూడో పిలుపు

మెట్‌పల్లి నుంచి మా ఊరికొచ్చే బండ్ల తొవ్వ మీద, వాగు దాటినంక ఎడమ పక్కన ఒక సాపు బండ ఉంటది. పొద్దుగూకినంక గా బండ కాడ ఎవలూ నిలబడరు. బండి తోలేటోడు ఎడ్లను అదిలిస్తడు. సైకిలోడు గబగబ తొక్కుతడు. తాగి పాడుకుంట వచ్చేటోడు సుత ఆడికొచ్చేసరికి నోరు మూసుకుంటడు. ఎందుకంటే... ఆడ పేరు పెట్టి పిలుస్తరు.

అది మా ఊరి దింపుడు కల్లం. బొందలగడ్డకు తీస్కపోయేటప్పుడు పాడెను ఆ బండ మీద దించుతరు. అయినోడు ఒకడు వంగి, పోయినోని చెవుల మూడుసార్లు పేరు పెట్టి పిలువాలె. కొన ఊపిరి ఉంటే లేస్తడేమోనని ఆశ. లేవకుంటే, ఆ మూడు పిలుపులతోని ఊరికీ ఆయనకూ తెగిపోయినట్టు, ఇంక పోవచ్చని సెలవిచ్చినట్టు. మూడంటే మూడే. రెండు పిలిచి ఊకున్నరనుకో — పోయినోడు పోడు. ఇంకొక్కటి పిలుస్తరు గదా అని చెవి పెట్టుకొని ఆడనే ఉంటడు.

ఈ ముచ్చట మా పెద్దవ్వ చెప్పంగ ఇన్న. ఆమె లచ్చిరాజం నోట ఇన్నది. లచ్చిరాజం జర కోతలు కోసే మనిషేనట. కాని గీ ఒక్క ముచ్చట చెప్పేటప్పుడు మాత్రం ఎడమ చెవిని చేత్తోని మూసుకొని చెప్పేటోడట.

లచ్చిరాజం, సారయ్య ఇద్దరూ మగ్గం నేసేటోళ్లు. ఇద్దరిండ్ల నడుమ ఒకటే గోడ. వరుసకు బావ బామ్మర్దులు. సారయ్య రెండేండ్లు పెద్ద, పిల్లలు లేరు. ఇద్దరికీ ఒకటే పిచ్చి — పాత గడియారాలు.

పోలీస్ యాక్షన్ అయినంక దొరల గడీలల్ల సామాన్లు, ఊరిడిచిపోయిన అధికార్ల ఇండ్లల్ల సామాన్లు అంగట్లకొచ్చి పడ్డయి. మెట్‌పల్లి అంగడి చివర గట్టయ్య అనే ముసలాయన గోనెపట్టా పరిచి కూసుండేటోడు. చెవులు పోయిన తాళాలు, మూతి సొట్టవోయిన కూజాలు, ఒంటి అద్దం కండ్లజోళ్లు... వాటన్నిటి నడుమ ఎప్పుడో ఒకపారి గడియారం తేలేది. దాని కోసం లచ్చిరాజం కోడి కుయ్యకముందు లేచి, నాలుగు కోసులు నడిచి, గట్టయ్య పట్టా పరిచేటప్పటికి ఎదురుంగ కూసుండేటోడు. దొరికినదాన్ని ఎడమ చెవికి పెట్టుకుంటడు. కండ్లు మూస్తడు. ఇగ అది ఎన్నేండ్ల కిందిది, ఎప్పుడు కింద పడ్డది, లోపల ఏ చక్రం పన్ను అరిగింది... అన్నీ చెప్తడు. గట్లనే ఏడు జేబు గడియారాలు కూడబెట్టిండు. ఊర్ల ఎవలికి టైము కావాల్నన్నా లచ్చిరాజం గడపకు రావల్సిందే.

సారయ్య ఆయన ఎనక తిరిగి నేర్సుకున్నోడు. లచ్చిరాజానికి అదే లోపల గుచ్చేది. నేర్పింది నేనాయె... పేరు వానిదాయె అని.

పేరు ఎట్ల వచ్చిందంటే ఇను.

ఆంధ్రప్రదేశ్ అయిన మరుసటేడు. ఒకనాడు గట్టయ్య పట్టా మీద ఒక చేతి గడియారం కనబడ్డది. తెల్ల మొఖం, సన్నటి నల్ల ముండ్లు, పట్టీ కొత్తదే. ముందు చూసింది లచ్చిరాజమే. ముందు తీసింది లచ్చిరాజమే. చెవికి పెట్టుకున్నడు — సప్పుడు లేదు. చావి తిప్పిండు. తిప్పినకొద్దీ తిరుగుతనే ఉన్నది, ఏడా బిగువు తగుల్తలేదు.

కమాను తెగింది, లోపలి స్ప్రింగే పోయింది, పీనుగ, అని చెప్పి మళ్ల పట్టా మీద ఇసిరేసిండు.

సారయ్య దాన్ని ఏరుకున్నడు. మొఖం ముద్దుగ ఉన్నది, నడవకున్నా ఫికర్ లేదు అని గట్టయ్య అడిగింది ఇచ్చి, చేతికి కట్టుకున్నడు. ఇద్దరూ నూలు మూటలు భుజాన ఏసుకొని ఇంటి తొవ్వ పట్టిన్రు. లచ్చిరాజం తొవ్వంత నవ్వుకుంటనే వచ్చిండు. వాగు దాటినంక, ఆ సాపు బండ కాడ, సారయ్య మూట దించిండు. చెయ్యి సాపిండు.

"ఇను బామ్మర్దీ."

లచ్చిరాజం ఎడమ చెవి పెట్టిండు.

టిక్... టిక్... టిక్...

గసువంటి సప్పుడు ఆయన పుట్టి బుద్ధెరిగినంక ఇనలే. సన్నగ, తీరుగ, ఎక్కడా తడబాటు లేదు. ఇంటికొచ్చి తన ఏడు గడియారాలూ ఒకటెనుక ఒకటి చెవికి పెట్టుకున్నడు. అన్నీ దగ్గుకుంట కూసున్న ముసలోళ్ల లెక్కనే ఇనబడ్డయి. ఆ రాత్రి అన్నం సయించలే.

ఆ దినం నుంచి లచ్చిరాజం కడుపుల చిచ్చు మొదలాయె. చేతిలకొచ్చినదాన్ని చేతులార పారేసుకుంటినే అన్న మంట ఒకటి. నేను పీనుగ అన్నదాన్ని వాడెట్ల నడిపిచ్చిండు అన్న మంట ఇంకొకటి. మగ్గం మీద కూసుంటే అటు పక్క సారయ్య నాడె ఆడిచ్చే సప్పుడు ఇనబడేది. ఆ చెయ్యి అటు ఇటు పోతుంటే దాని మీద గడియారం మెరుస్తున్నట్టే అనిపించేది. రాత్రిపూట గోడకు చెవి ఆనిచ్చి పండుకునేటోడు. టిక్కు ఇనబడేది కాదు గని... ఇనబడ్తున్నట్టే ఉండేది.

ఇంకో ముచ్చట ఆయనను పరేషాన్ చేసింది. సారయ్య దానికి చావి ఇయ్యంగ ఎన్నడూ చూడలే. పొద్దుగాల చూసిండు, మాపటికి చూసిండు, గోడ మీదికెల్లి తొంగి చూసిండు. లేదు. ఉండబట్టలేక ఒకనాడు అడిగేసిండు. సారయ్య నవ్విండు.

"దీనికి చావి ఎందుకు బామ్మర్దీ? నేనున్నన్ని దినాలు ఇది ఆగది."

చెప్పొద్దని అట్లన్నడా, నిజంగనే అన్నడా, లచ్చిరాజానికి సమజ్ కాలే. ఎవలూ చూడకుంట ఇస్తున్నడు, నాకు తెల్వొద్దని దాస్తున్నడు అనుకున్నడు.

ఊరోళ్లు ఇగ టైముకు సారయ్యను అడుగుడు మొదలువెట్టిన్రు. అది సుత ఓర్సుకున్నడు. కాని ఒకనాడు ఇంట్ల ఏడు గడియారాలు పెట్టుకొని ఆయన పెండ్లాం అనసూర్య గోడ మీదికెల్లి, సారన్నా, టైమెంతాయె అని అడిగింది. లచ్చిరాజం లోపల కండె చుట్టుకుంట ఇన్నడు. దారం పుటుక్కున తెంపేసిండు. మూడొద్దులు అనసూర్యతోని మాట్లాడలే.

మరుసటి ఎండకాలం సారయ్యకు జరమొచ్చింది. మూడు దినాలు ఒళ్లు కాలిపోయింది. నాలుగోనాడు పగటీలి సల్లబడ్డది — జరం తగ్గిందనుకున్నరు. మనిషే సల్లబడ్డడు.

లచ్చిరాజం గోడ దుంకి ఉరికిండు. ఎక్కి ఎక్కి ఏడ్చిండు. అబద్ధం ఏడుపు కాదు, సిన్నప్పటి సంది కలిసి తిరిగినోడు. కాని ఏడ్సుకుంట ఏడ్సుకుంట కండ్లు ఏడికి పోతున్నయో ఆయనకు తెల్సు. సారయ్య రెండు చేతులు రొమ్ము మీద పెట్టి కట్టిన్రు. పై చేతికి గడియారం. నడుస్తనే ఉన్నది.

తానం పోసేటప్పుడు ఎవలో దాన్ని ఇప్పబోయిన్రు. నర్మదక్క నాకే ఇస్తది, ఇంకెవలికిస్తది అనుకున్నడు లచ్చిరాజం. సారయ్య పెండ్లాం నర్మద తల ఎత్తింది. ఆమె కండ్లల్ల నీళ్లు లేవు.

"తియ్యకున్రి. నాకన్న దాన్నే ఎక్కువ చూసుకున్నడు. దాన్నే తీస్కపోనియ్యిన్రి."

ఇగ ఎవలూ ముట్టలే.

వాళ్లిండ్లల్ల కాల్చుడు లేదు, పూడ్సుడే. పాడె లేసింది. డప్పులు ముందు, జనం ఎనక. వాగు దాటిన్రు. సాపు బండ మీద దించిన్రు. కొడుకా లేడు, తమ్ముడా లేడు. బామ్మర్ది వరుస, పక్కింటోడు, ఆయనే పిలువాలె అని పెద్దమనుషులు లచ్చిరాజాన్ని ముందటికి తోసిన్రు.

డప్పులు ఆగినయి.

లచ్చిరాజం మోకాళ్ల మీద కూసున్నడు. సారయ్య చెవి కాడికి వంగిండు.

"సారయ్య బావా..."

ఉలుకు లేదు పలుకు లేదు.

"సారయ్య బావా..."

మూడోది పిలుద్దామని ఊపిరి తీసుకున్నడు. అంతట్ల ఇనబడ్డది. చెవికి జానెడు దూరంల, రొమ్ము మీది చేతికాడ —

టిక్... టిక్... టిక్...

గదే సప్పుడు. గదే బండ. తల దానంతటదే వంగింది. ఎడమ చెవి గడియారానికి ఆనింది. కండ్లు మూసుకపోయినయి. ఎంతసేపున్నడో తెల్వదు. ఎవలో భుజం పట్టి, ఊకో లచ్చిరాజం, ఇగ లెవ్వు అన్నరు. రొమ్ము మీద పడి ఏడుస్తున్నడనుకున్నరు వాళ్లు. మూడోది మెల్లగ పిలిచిండనుకున్నరు.

డప్పులు లేసినయి. పాడె లేసింది.

గుంత ఛాతి లోతు తవ్విన్రు. లచ్చిరాజం అంచున నిలబడి కండ్లార చూసిండు. తన వంతు మూడు పిడికిళ్ల మన్ను సుత ఏసిండు. ఒక్కో పిడికిలి గడియారం మీదనే పడ్తున్నట్టు ఆయనకు బాధయింది.

ఇగ రాత్రిళ్లు నిద్ర లేదు. నడుస్తున్నదా, ఆగిందా... గిదే ఆలోచన. ఎన్మిది దినాలకు ఒక్కపారి చావి ఇచ్చే గడియారాలుంటయని ఆయనకు తెల్సు. గడీల గోడ మీద ఒకటి చూసిండు. ఇది సుత అసువంటిదే, అందుకే చావి ఇచ్చేది నాకు కనబడలే, అని లెక్క తేల్చుకున్నడు. మన్నుల పడి ఖరాబైపోతున్నది. వానికెందుకది? సచ్చిపోయి సుత నా చేతికి రానియ్యలేదు గదా... అని పీనుగ మీద సుత కుళ్లుకున్నడు.

పదోదినం పొద్దుగాల మేస్త్రి వచ్చి గుంత మీద బండ పరుస్తడని తెల్సింది. బండ పడ్డదంటే ఇంక ముచ్చట ఒడిసినట్టే. తొమ్మిదోనాటి రాత్రి లచ్చిరాజం పార పట్టుకొని, జేబుల అగ్గిపెట్టె, తన మంచి జేబు గడియారం ఏసుకొని బయలెల్లిండు.

సాపు బండ కాడ ఆగలే. అటు చూడలే.

బొందలగడ్డల మన్ను ఇంకా మెత్తగనే ఉన్నది. చేతులు పెట్టిన దిక్కు గుర్తు పెట్టుకొని తవ్వుడు మొదలువెట్టిండు. ఛాతి లోతు తవ్వాలె, తెల్లారుతదో ఏమో అనుకున్నడు. రెండు జానల లోతు సుత పోలే... పారకు మెత్తగ తగిలింది.

చెయ్యి.

ఒక్క చెయ్యే. మణికట్టు మీద పట్టీ.

గుంత తవ్వినోళ్లు దొంగపని చేసిన్రు, నా నసీబు మంచిగున్నది అనుకున్నడు లచ్చిరాజం. తాను అంచున నిలబడి చూసిన లోతు యాదికి రాలే. వస్తదా... చెవుల అప్పటికే టిక్ టిక్ మొదలాయె.

నడుస్తున్నది.

పట్టీ ఇప్పిండు. అగ్గిపుల్ల గీసి తన జేబు గడియారం పక్కన పెట్టి చూసిండు. పదకొండు ఇరవై. దాంట్ల సుత పదకొండు ఇరవై. ఒక్క నిమిషం అటు లేదు ఇటు లేదు. తొమ్మిది దినాలు. ఎన్మిది దినాలది కాదు, పదిహేను దినాలదేమో అని ఆయన మొఖం ఎలిగిపోయింది. గబగబ మన్ను కప్పి ఇంటికొచ్చి పడ్డడు.

ఊర్ల అందరూ గుర్తుపట్టే గడియారం, కట్టుకోనీకె లేదు. బట్టల్ల చుట్టి సందుగు అడుగున దాసిండు. రోజుకు ఒక్కపారి తలుపేసుకొని, మెల్లగ మూత తీసి ఇనేటోడు. మూడోనాడు ఇంటే... సప్పుడు లేదు.

లచ్చిరాజానికి పానం పోయినట్టాయె. చావి తిప్పిండు. తిరుగుతనే ఉన్నది. అంగట్ల ఆనాడు తిరిగినట్టే, బిగువు లేకుంట, తిరుగుతనే ఉన్నది. వాని చేతికి తొమ్మిది దినాలు మన్నుల నడిచింది, నా ఇంట్ల మూడు దినాలు నడువలేదు అని పండ్లు కొరుక్కున్నడు.

మెట్‌పల్లిల చూపిస్తే దొరికిపోతడు. గోదారి గంగ దాటి నిర్మల్ పోయిండు. ఆడ అంబదాస్ అని గడియారాలు బాగుచేసే మనిషి, నాందేడ్ దిక్కు నుంచి వచ్చినోడు. భూతద్దం కంటికి పెట్టుకొని ఎనక మూత ఇప్పిండు. చూసిండు. నవ్విండు.

"కమాను మంచిగనే ఉన్నది బాబా. ఇది చావి ఇచ్చే మాల్ కాదు."

లోపల సగం చందమామ లెక్క ఒక ఇనుప బిళ్ల ఉన్నది. అంబదాస్ గడియారాన్ని అటు ఇటు ఊపిండు. బిళ్ల గిర్రున ఊగింది. పది ఊపులు ఊపి లచ్చిరాజం చెవి కాడ పెట్టిండు. టిక్... టిక్... టిక్...

అంబదాస్ ఇడమరిచి చెప్పిండు. చేతికి కట్టుకోవాలె. చెయ్యి కదిలితే బిళ్ల ఊగుతది, బిళ్ల ఊగితే కమాను చుట్టుకుంటది. కదులుతున్నన్ని దినాలు నడుస్తది. తీసి పక్కన పెడితే ఒక దినం, మస్తంటే దినమున్నర. తర్వాత ఆగుతది.

మొట్టమొదలు లచ్చిరాజానికి ఏమనిపిచ్చిందో తెల్సునా? భయం కాదు. వానికి తెల్సు... నాకు తెల్వకపాయె... అని కడుపుల మండింది. నేర్పింది తానాయె, నేర్సుకున్నోడు ఇంత ముచ్చట దాసుకొని నవ్వుకుంట పోయిండాయె.

ఆ మంట జర సల్లారినంక అడిగిండు.

"చేతికే ఉండి... చెయ్యి కదలకుంటే?"

అంబదాస్ మూత బిగించుకుంట మళ్ల నవ్విండు.

"చేతికున్నంక కదలకుంటెట్ల? పీనుగ చేతికి కడ్తమా?"

లచ్చిరాజం బయటికొచ్చి అరుగు మీద కూలబడ్డడు. తొమ్మిది దినాలు. పదకొండు ఇరవై. ఒక్క నిమిషం తేడా లేదు... ఛాతి లోతు గుంత. రెండు జానల కాడనే చెయ్యి.

గప్పుడు యాదికొచ్చింది. పిలిచింది రెండుసార్లే.

మెట్‌పల్లిల బస్సు దిగేటప్పటికి చీకటి పడ్డది. లచ్చిరాజం ఇంటికి పోవాలనుకోలే. బండ కాడ కూసొని మూడోది పిలుస్త, గడియారం ఆయనది ఆయనకు పెట్టేస్త, తప్పయింది బావా అంట, అని మనసుల అనుకుంట నడిచిండు. జేబుల పెట్టుకుంటే పడిపోతదేమోనని చేతికి కట్టుకున్నడు. నాలుగు కోసులు చెయ్యి ఊపుకుంట నడిచిండు. ఆ చెయ్యి మీద అది ఎంత ముద్దుగ ఉన్నదో చూసుకుంటనే నడిచిండు. అబద్ధం ఎందుకు... మా పెద్దవ్వకు ఆయనే చెప్పిండు.

వాగు దాటిండు. గాలి లేదు. బండ చీకట్ల తెల్లగ కనబడ్డది.

మోకాళ్ల మీద కూసున్నడు. గడియారం ఇప్పి బండ మీద పెట్టిండు. వంగిండు. నోరు తెరిచిండు. 'సా' అనుడే ఆలస్యం...

టిక్... టిక్... టిక్...

ఇంత మంచిగ తన చేతి మీద నడిచిన గడియారం. తన చెయ్యి నడిపిచ్చిన గడియారం. ఇగ ఎన్నడూ ఇనబడది.

ఒక్కసారి... ఆఖరుసారి... ఇని పిలుస్త అనుకున్నడు. తీసి ఎడమ చెవికి పెట్టుకున్నడు. కండ్లు మూసుకున్నడు.

టిక్కు ఆగింది.

ఆ జాగల, చెవి లోపల, సల్లటి ఊపిరి తగిలింది.

"లచ్చిరాజం..."

ఆయన కదలలే. కదులుదామన్నా ఒళ్లు ఆయన మాట ఇనలే.

"లచ్చిరాజం..."

అంతే.

ఎంతసేపు గట్లనే ఉన్నడో, ఎప్పుడు లేసి ఉరికిండో ఆయనకే ఎరుక లేదు. తెల్లారి నలుగురిని తోలుకపోయి చూస్తే బండ మీద గడియారం లేదు. కింద లేదు. గడ్డిల లేదు. అందరి ముందట మూడోపిలుపు పిలుద్దామని లచ్చిరాజం వంగిండు గని గొంతు పెగలలే. ఆ తర్వాత ఎన్నడూ పెగలలే. ఈ ముచ్చట చెప్పినా 'బావ' అనేటోడే గని, సారయ్య అన్న పేరు ఆయన నోట మళ్ల రాలేదు.

ఏడు జేబు గడియారాలు గట్టయ్యకు ఊకెనే ఇచ్చేసిండు. అంగడి దిక్కు పోవుడు బంద్ చేసిండు. ఎడమ చెవుల దూది పెట్టుకొని తిరిగిండు. అనసూర్య అన్నానికి ఒకసారి పిలిచినా, రెండోసారి పిలిచినా పలికేటోడు కాదు. మూడోసారి ఆమె వచ్చి ఎదురుంగ నిలబడి, పెదవులు కదులుతున్న తన మొఖం చూపిస్తేనే పలికేటోడు.

చీకటి పడ్డంక గా బండ కాడ ఎవలన్న పేరు పెట్టి పిలిస్తే మూడోది దాక ఆగాలె, ఆగినంకనే పలుకాలె అంటరు మా ఊర్ల. పిల్లలకు ఇప్పటికీ అదే చెప్తరు.

లచ్చిరాజం పోయి పదేండ్లాయె. మూడోదాని కోసం ఇంకా ఆగుతనే ఉన్నడు.